మనవాళ్ళంటే ఎవరు?

కొవ్వూరు రైల్వే స్టేషన్లో చచ్చిపోయే ముందు ఏజెంట్ ఏసుపాదం ఫోన్లోకి ఒక్క మాటే అరిచాడు.

"పంపు! మనవాళ్ళని పంపు!"

అవతల వింటున్నది చక్రి. గూఢచారి విభాగం వాడుతున్న ఏఐ ఏజెంట్. ఆజ్ఞ అందగానే అది తన టూల్స్‌లో, అంటే దానికి అప్పగించిన పనిముట్లలో, సరిపోయేదాన్ని వెతికింది. దొరికింది. నిడదవోలు అవతల, విభాగం ముసుగు కోసం నడుపుతున్న రొయ్యల చెరువులో నీళ్ళ పంపు గిర్రున తిరిగింది. స్టేషన్ బయట కాపుకాసిన కమాండోలకు మాత్రం కబురు వెళ్ళలేదు. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు సైలెన్సర్ పిస్టల్‌తో పని ముగించుకుని జనంలో కలిసిపోయారు.

మర్నాడు ఉదయం రాజమండ్రి ఆఫీసులో చీఫ్ సుబ్బాయమ్మ కూర్చోమన్నా ఏజెంట్ విజయ్ పాల్ కూర్చోలేదు. ఏసుపాదం అతని స్నేహితుడు.

"కోడ్‌లో తప్పుందా?" అడిగింది చీఫ్.

"కోడ్ శుభ్రంగా ఉందండి. ఆడిట్ కూడా అయింది. టూల్ వివరణ ఎవరైనా చదివారా? 'పంపు: పంపు పని చేస్తుంది.' అంతే! మనుషుల్ని పంపుతుందా, నీళ్ళు తోడుతుందా? మన మనసులో ఏముందో చక్రికి ఎలా తెలుస్తుందండి? దానికి దిక్కు ఆ లైనొక్కటే. మార్చండి మార్చండని ఎంత మొత్తుకున్నాను!"

"వివరణల పని శ్రీసత్యకి అప్పగించాం కదా."

"ఆ లైను రాసింది ఆవిడేనండి."

సుబ్బాయమ్మ లేచి తలుపు మూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"కాకినాడ తీరంలో సముద్రం అడుగున పెట్టిన సెన్సర్ల మ్యాప్‌ని చక్రి ఈ సాయంత్రం ఐదింటికి నౌకాదళానికి చేర్చాలి. వాయిదా కుదరదు. విదేశీ ముఠా కన్ను దాని మీదే ఉంది. వివరణలు మార్చే అధికారం మీకిస్తున్నాను."

"మొన్ననే ఇచ్చుంటే ఏసుపాదం బతికేవాడండి," అని విజయ్ పాల్ విసురుగా బయటికి నడిచాడు.

రొయ్యల మేత అమ్మే సేల్స్‌మన్ వేషంలో అతను చెరువు దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గేటు దగ్గర కాపలా దొరబాబు అడ్డంగా నిలబడి సంకేతపు మాట అడిగాడు.

"రొయ్యలు నిద్రపోయాయాండి?"

"కల కంటున్నాయి. తొందరగా తియ్యవయ్యా గేటు!"

జనరేటర్ షెడ్డు వెనకాల దాచిన చక్రి కంట్రోల్ రూములో కూర్చుని ఒక్కో టూల్ వివరణా చదువుతుంటే అతనికి తల పగిలిపోయింది. 'ఆపు: ఆపుతుంది.' దేన్ని? 'చూడు: కావలసినది చూస్తుంది.' ఎవరికి కావలసింది? ప్రతిదీ తుడిచేసి, ఆ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో విడమరిచి రాస్తూ పోయాడు. సగం కూడా కాకుండానే నాలుగున్నర దాటింది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనకే శ్రీసత్య. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. విభాగంలో ఆవిడ మాట కాదనగలిగిన మగాడు లేడని పేరు.

"అబ్బ, ఎంత పొడుగు రాస్తున్నారండీ! చిన్నగా ఉంటేనే అందం."

విజయ్ పాల్ తల తిప్పలేదు. తెర మీద అప్పుడే తెరిచిన వివరణ దగ్గర అతని చూపు ఆగిపోయింది. 'మ్యాప్ అందజేత: మనవాళ్ళకి మ్యాప్ ఇస్తుంది.' నిన్న రాత్రే మార్చారు. 'మనవాళ్ళు' అన్న గ్రూపు తెరిచాడు. అందులో ఉన్న ఒకే ఒక్క చిరునామా ఈ దేశానిది కాదు.

"మనవాళ్ళంటే ఎవరండీ?"

శ్రీసత్య కళ్ళద్దాలు తీసింది. హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి పిస్టల్ బయటికొచ్చింది.

"ఎవరి మనవాళ్ళు వాళ్ళకుంటారు కదండీ. కీబోర్డు వదలండి. చేతులు తల వెనక్కి!"

"ఏసుపాదాన్ని చంపింది నువ్వేనన్నమాట."

"నేను రాసింది ఒక్క లైను. అంతే."

తల వెనక అతని వేలు వాచీ అంచుని నొక్కింది. ఆ మీట నొక్కితే మాట నేరుగా చక్రికి చేరుతుంది. కోపం నటించాల్సిన అవసరం లేకపోయింది, గుండెల్లో నిజంగానే రగులుతోంది.

"వివరణ రాయడం అంటే ఇదా? 'మ్యాప్ అందజేత' టూల్ వివరణ మార్చి ఇలా రాయాలి! ఈ టూల్ మ్యాప్‌ని నౌకాదళ కేంద్రానికి మాత్రమే పంపుతుంది. చిరునామా విభాగం రిజిస్టర్లో లేకపోతే దీన్ని వాడకూడదు. అనుమానం వస్తే ఆగి, చీఫ్ సుబ్బాయమ్మని అడగాలి!"

శ్రీసత్య నవ్వింది. "చచ్చే ముందు కూడా పాఠమేనా?"

గోడ గడియారం ఐదు కొట్టింది. తెర మీద పచ్చదీపం వెలగబోయి ఆరింది. స్పీకర్లోంచి చక్రి గొంతు వినపడింది.

"చిరునామా రిజిస్టర్లో లేదు. మ్యాప్ పంపలేదు. చీఫ్‌ని అడుగుతున్నాను."

ఆవిడ తల తిరిగిన ఆ ఒక్క క్షణం చాలు. విజయ్ పాల్ పక్కనున్న కుర్చీని కాలితో ఆవిడ మీదికి తన్నాడు. పిస్టల్ పేలి గుండు సీలింగ్‌కి తగిలింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన దొరబాబు ఆవిడ చెయ్యి వెనక్కి విరిచిపట్టాడు. ఈలోగా చీఫ్ ఇచ్చిన చిరునామాతో మ్యాప్ నౌకాదళానికి చేరింది. ఆవిడ ఫోన్లో ముఠా జాడ దొరికింది. ఈసారి చక్రి కబురు సరిగ్గా కమాండోలకే చేరింది. చీకటి పడేలోగా హెల్మెట్ల వాళ్ళిద్దరూ సామర్లకోట జంక్షన్లో దొరికారు.

విజయ్ పాల్‌కి సంతోషం కలగలేదు. ఏసుపాదం నంబరు ఫోన్లోంచి తీసెయ్యబోయి, చెయ్యి రాక ఊరుకున్నాడు.

వారం తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 'ఇకపై టూల్ వివరణలు స్పష్టముగా ఉండవలెను. సంబంధితులు తగు చర్య తీసుకొనవలెను.'

విజయ్ పాల్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ సంబంధితులు ఎవరో ఎక్కడా లేదు.