పొడుగాయన మొదటి ముఖం

సెల్లార్లోని ఆ పనిగదిలో గోడకి ఆరు మేకులున్నాయి. ఐదింటికి రబ్బరు ముఖాలు వేలాడుతుంటాయి. ఎడమ చివరిది ఖాళీ. ఎవరైనా అడిగితే ముఖాలక్క, "అది తువ్వాలుకి" అనేది. నిజంగానే తువ్వాలు తగిలించేది కూడా.

సినిమావాళ్ళు పెట్టిన పేరు అది, ముఖాలక్క అని. ఇరవై ఏళ్ళలో ఆరు భాగాలు వచ్చిన ఒక దెయ్యం సినిమాకి, ప్రతి భాగంలోనూ దెయ్యం ముఖం ఆవిడ చేతుల్లోనే తయారైంది. కథలో ఆ దెయ్యానికి పేరు లేదు. మనిషి బాగా పొడుగు కాబట్టి జనమే పొడుగాయన అనుకున్నారు.

ఆ రోజు పొద్దున్నించి వాన. పదకొండింటికి కొత్త దర్శకుడు గొడుగు దులుపుకుంటూ మెట్లు దిగాడు. ఏడో భాగం అతనిది.

"అక్కా, ఈసారి ఏ ముఖం కావాలని జనాన్ని అడిగాం కదా, ఓట్లు చూశారా?" అన్నాడు కూర్చోకుండానే. "నూటికి ఎనభై ఒక్కమంది మొదటి ముఖమే కావాలన్నారు. మిగతా ఐదూ కలిపి పందొమ్మిది. కొమ్ముల ముఖానికి పడ్డవైతే మా ఆఫీసువాళ్ళ ఓట్లే."

"ఆ కొమ్ములు నా నెత్తిన రుద్దకు బాబూ. మీ పాత దర్శకుడి సరదా అది."

అది అబద్ధం. కొమ్ములు ఆవిడ ఆలోచనే.

"రెండో భాగంలో పళ్ళు పెట్టారు. జనం ఉలిక్కిపడ్డారు, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయారు. మూడులో కాలిన చర్మం. నాలుగులో కళ్ళు పీకేశారు. ఐదులో కొమ్ములొచ్చేసరికి పిల్లలు ఆ మాస్కు పెట్టుకుని పుట్టినరోజు కేకు కోశారక్కా! ఆరులో పురుగులు. నేనే నవ్వేశాను, నిర్మాత పక్కన కూర్చుని. మొదటి భాగంలో ఏం చేశాడు పొడుగాయన? వరండా చివర నిలబడ్డాడు, అంతే. నోరు కాస్త తెరిచి, ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు. మా అమ్మ ఇప్పటికీ వరండాలో లైటు ఆర్పనివ్వదు."

"ఆ ముఖం అచ్చు ఉందో లేదో."

"మీరు పారేసే మనిషి కాదు. సాయంత్రానికి ఒక్క మాట చెప్పండి చాలు."

అతను వెళ్ళాక ముఖాలక్క చాలాసేపు కత్తెరలూ కుంచెలూ సర్దుతూ కూర్చుంది. సర్దినవే మళ్ళీ సర్దింది.

మొదటి ముఖం ఎందుకు అంత భయపెట్టిందో ఇరవై ఏళ్ళుగా అభిమానులు వాదించుకుంటూనే ఉన్నారు. కళ్ళ మధ్య దూరమని కొందరు, నోరని కొందరు. ఆవిడకి తెలుసు. అది నొప్పి. ఆ ముఖం ఆవిడ భర్తది.

ఆయన సెట్లు కట్టే వడ్రంగి. కడుపులో జబ్బు మొదలై ఆరు నెలలైంది అప్పటికి. బుగ్గలు లోపలికి పోయాయి. నొప్పి వచ్చినప్పుడు పైకి అనేవాడు కాదు, నోరు మాత్రం కాస్త తెరుచుకునేది. ఒక ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర అలా నిలబడి ఉంటే ఆవిడ చూసింది. భార్యగా కాదు, ముఖాలు చేసే మనిషిగా చూసింది. ఆ మధ్యాహ్నమే సినిమావాళ్ళతో, "నాకు తెలిసిన ముఖం ఒకటుంది" అంది.

"అంత భయంగా ఉన్నానా?" అని నవ్వాడాయన, అచ్చు తియ్యడానికి కనుబొమలకి వాజలైను రాయించుకుంటూ.

"ఉన్నారు మరి. అద్దం చూసుకోరా ఏంటి?" అని ఆవిడా నవ్వింది.

సినిమా విడుదలైంది. ఊరంతా ఆ ముఖమే. వాళ్ళ అమ్మాయికి నాలుగేళ్ళు. బడి ఎదురుగోడ మీద పోస్టరు చూసి జడుసుకుంది. మూడు రోజులు జ్వరం. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళితే, మంచం మీద ఉన్న తండ్రిని చూసి కెవ్వున అరిచింది. "పొడుగాయన! పొడుగాయన!" అంటూ తల్లి చీరలో తల దూర్చేసింది. ఎంత చెప్పినా దగ్గరికి పోలేదు. పిల్ల భయపడుతోందని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు తీసుకెళ్ళినా అలా తిరిగే పడుకున్నాడు. పదకొండు రోజులు, పోయేదాకా.

పిల్ల పెద్దయ్యాక ఇంట్లో ఉన్న ఏ ఫొటో చూపించినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెళ్ళినాటి ఫొటోలో కూడా దానికి ఆ దెయ్యమే కనిపించేది.

అందుకే ముఖాలక్క రెండో భాగానికి పళ్ళు పెట్టింది. మూడోదానికి చర్మం కాల్చింది. ప్రతి భాగంలోనూ ఆ ముఖాన్ని ఆయన నుంచి ఒక్కో అడుగు దూరం జరిపింది. జనం ఆ కొత్త ముఖాలకి అలవాటు పడితే మొదటిది మరుగున పడుతుందని, ఆయన మళ్ళీ మామూలు మనిషవుతాడని ఆశ. "ఈసారి భయం తగ్గింది" అని పత్రికలు రాసినప్పుడల్లా ఆవిడ లోలోపల సంతోషించేది. జనం మరిచిపోలేదు. ఎనభై ఒక్కమంది.

ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, ఆ ఓట్ల సంగతి ల్యాబులో అందరూ చెప్పుకుంటున్నారు. అచ్చు నీ దగ్గరుంది కదా?"

"ఉంది అమ్మడూ."

"పోస్టర్లు పడకముందే నాకు చూపించు. మళ్ళీ రోడ్డు మీద ఎదురుపడి చావలేను." గొంతు తగ్గించి అంది, "రోజుకి అరవైమంది నా చేతిలో రక్తం తీసే సూది చూసి గజగజ వణుకుతారే. నేను వాళ్ళకి ధైర్యం చెబుతాను. నాకెవరు చెబుతారు?"

ముఖాలక్క బీరువా అడుగు నుంచి గుడ్డమూట తీసింది. అచ్చు లోపల సబ్బునీళ్ళు పూసింది. ప్లాస్టరు కలిపి పన్నెండింటికి పోసింది. ఒంటిగంటకి విప్పింది. మొహం బోర్లించిన గిన్నెలా వచ్చింది, తెల్లగా. వాలిన రెప్పలు, నిద్రపోతున్నట్టు. కాస్త తెరిచిన నోరు. దాన్ని బల్లమీద నిలబెట్టి, ఎదురుగా కూర్చుని, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఏడ్చింది.

నాలుగింటికి కూతురు వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది. సెల్లారుకి ఉన్న ఒక్క కిటికీలోంచి వచ్చే వెలుగు వానకి బూడిదరంగులోకి మారింది. తడి ప్లాస్టరు వాసన, పాత రబ్బరు వాసన. ఎక్కడో గొట్టంలోంచి నీళ్ళు ఒక్కో చుక్కా పడుతున్నాయి.

కూతురు ఫోను లైటు వేసి బల్ల దగ్గరికి నడిచింది. రెండడుగుల దూరంలో ఆగింది.

అరుపు లేదు.

"ఇంతేనా..." అంది కూతురు మెల్లిగా. "అమ్మా, ఈయన భయపెట్టట్లేదే. ఈయనకి నొప్పిగా ఉంది."

"అవును అమ్మడూ."

కూతురు చెయ్యి చాపి బుగ్గ ముట్టుకుంది. "వెచ్చగా ఉంది."

"ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందమ్మా" అంది తల్లి. అరగంటలో చల్లారిపోతుందని, పోసి నాలుగు గంటలైందని మాత్రం అనలేదు.

కూతురు కుర్చీ లాక్కుని, తల్లికి వీపు పెట్టి, ఆ ముఖం ముందు కూర్చుంది. ఏవేవో చెప్పుకుంది. చిన్న గొంతుతో, తొందర తొందరగా. "ఆ రోజు నీ దగ్గరికి రాలేదు నాన్నా... నువ్వని తెలీలేదు..." అన్న ముక్కలు వినిపించాయి. ఇదొక్కటే ముఖాలక్క ఇన్నేళ్ళూ కోరుకుంది. దర్శకుడికి లేదని చెప్పెయ్యాలి అనుకుంది. ఈ ముఖం ఇంక ఎవరికీ ఇచ్చేది లేదు.

"పద అమ్మడూ. ఇంటికెళదాం."

కూతురు ఇటు తిరిగింది. ముఖం మీద నవ్వుంది, చెంపల మీద తడి. ఫోను లైటు ఎత్తింది, దారి చూడ్డానికి.

నవ్వు ఆగిపోయింది.

ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. నడుము బల్లకి తగిలింది.

"ఏమైందే?"

కూతురు తల్లి ముఖాన్నే చూస్తోంది. ఆ కళ్ళు ముఖాలక్కకి తెలుసు. బడి ఎదురుగోడ దగ్గర చూసింది. ఆసుపత్రిలో చూసింది.

"అమ్మడూ, నేనేనే. అమ్మని."

దగ్గరికి వెళ్ళబోయింది. కూతురు కెవ్వుమంది. ఇరవై నాలుగేళ్ళ మనిషి గొంతు కాదది. బల్లమీద ఉన్న ముఖాన్ని రెండు చేతులా ఎత్తుకుని గుండెకి ఆనించుకుంది. దాని వెనక దాక్కోవాలన్నట్టు మోకాళ్ళ మీద కూలబడింది.

ముఖాలక్క తడబడుతూ మేకప్ అద్దం దగ్గరికి వెళ్ళింది. తన ఫోను లైటు వేసుకుంది. జుట్టుకి అంటుకున్న ప్లాస్టరు పొడి. కళ్ళజోడు. ఏడ్చిన కళ్ళు. ఎప్పటి ముఖమే. వేళ్ళతో తడుముకుంది... బుగ్గలు, ముక్కు, గడ్డం. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏం కనిపిస్తోందే నీకు? చెప్పవే..." అంటూ ఆవిడ మళ్ళీ అటు నడిచింది.

కూతురు తన చేతుల్లో ఉన్నదాని చెవి దగ్గర నోరు పెట్టింది.

"చూడకు నాన్నా" అంది గుసగుసగా. "ఆమె ఇటే వస్తోంది."

ముఖాలక్క లైటు అటు తిప్పింది. కూతురి చేతుల మధ్యనుంచి ఆ తెల్లటి ముఖం ఆవిడవైపే ఉంది. మధ్యాహ్నం నిద్రలోలా వాలి ఉన్న ఆ రెప్పలు ఇప్పుడు గట్టిగా, కొసల్లో ముడతలు పడేంత గట్టిగా, మూసుకుని ఉన్నాయి.