ఖాళీగా ఉంచిన ఆరో చోటు

దుబాయ్ అల్ కుసైస్‌లో మా స్కూలు హాలుకి కిటికీలు బాగా పైన, కప్పుకి దగ్గరగా ఉంటాయి. వాటిలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు. 2015 ఏప్రిల్లో ఆ గురువారం మాత్రం ఆకాశం కూడా కనపడలేదు. పొద్దుటి నుంచీ ఒకటే దుమ్ము. బడి వదిలే వేళకి అద్దాలన్నీ చిక్కటి టీ రంగుకి తిరిగాయి. తలుపుల కింద తడి తువ్వాళ్ళు కుక్కినా పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతూనే ఉంది. దారి కనపడేదాకా బస్సులు కదలవని, పిల్లల్ని లోపలే ఉంచమని ప్రిన్సిపాల్ కబురు పెట్టారు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని నా డాన్సు పిల్లల్ని హాల్లోకి పిలిచాను.

నేను అక్కడ సంగీతం టీచర్ని. పేరు మాణిక్యాంబ. పిల్లలకి అంత పేరు నోరు తిరగక మణి మిస్ అంటారు. కాకినాడలో మా నాన్న దగ్గర హార్మోనియం నేర్చుకుని, ఇక్కడ శనివారం భజనల్లో వాయించుకునేదాన్ని. అలాంటి నా చేతికి ఇంగ్లీషువాళ్ళ కాన్సర్టీనా రావడానికి కారణం కోలిన్. మా జాగ్రఫీ మాస్టారు. వాళ్ళ ఊళ్ళో మోరిస్ డాన్సుకి వాయించేవాడట. మోరిస్ అంటే మరేం లేదు, మన కోలాటం లాంటిదే. కాకపోతే బొజ్జలున్న పెద్దమనుషులు మోకాళ్ళ కింద గజ్జెలు కట్టుకుని, తెల్ల రుమాళ్ళు ఊపుతూ ఎగురుతారు. మొదటిసారి ఆ వీడియో చూసి నవ్వు ఆపుకోలేక స్టాఫ్ రూంలోంచి బయటికి పారిపోయాను. ఆయన నొచ్చుకోలేదు సరికదా, నాకే నేర్పి, రిటైరై వెళ్ళిపోతూ ఆ పెట్టెనీ, బళ్ళో పిల్లలకి నేర్పుతున్న ఆ డాన్సునీ నా చేతిలో పెట్టాడు.

రెండు చేతుల మధ్య ఇమిడే ఆరు పలకల పెట్టె అది. రెండు పక్కలా మీటలు, మధ్యలో మడతల తిత్తి. హార్మోనియం మెట్టు ఎలా నొక్కినా ఒకే స్వరం పలుకుతుంది. దీనికి అంత నిలకడ లేదు. అదే మీట, తిత్తి మూస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. నెలల తరబడి నన్ను ఏడిపించింది.

కోలిన్ నన్ను ఎక్కువగా తిట్టింది మాత్రం కళ్ళ గురించి. భజనలో కళ్ళు మూసుకుని వాయించడం నాకు చిన్నప్పటి అలవాటు. ఈ ఆటలో అది పనికిరాదు. నడుమ ఒకచోట ఇద్దరు ఎదురెదురుగా ముందుకొచ్చి, రుమాళ్ళు పైకి విసురుతూ ఎత్తుగా ఎగురుతారు. వాళ్ళ కాళ్ళు నేలకి తాకేదాకా వాయించేవాళ్ళు ఆ స్వరాన్ని సాగదీసి పట్టుకోవాలి. పాట నీది కాదు, వాళ్ళ కాళ్ళది, కాళ్ళ మీంచి చూపు తియ్యకు అనేవాడు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆటకి ఆరుగురు కావాలి. సాధనకి ఒకరు రాకపోతే మిగతావాళ్ళు దగ్గరికి జరగకూడదు. ఆ చోటు ఖాళీగా ఉంచి, అక్కడ మనిషి ఉన్నట్టే చుట్టూ తిరగాలి, ఎదురుగా ఎగరాలి. మన కోలాటంలో అయితే జోడీ రాకపోతే రెండోవాళ్ళని కూడా కూర్చోబెట్టేస్తాం. మనవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఆ వారమే మా ఆరుగురిలో ఒకతైన లావణ్య వాళ్ళు షార్జాలో రోలాకి ఇల్లు మారి, బడి కూడా మార్చేశారు. లావణ్య జోడీ మా అమ్మాయి నిఖిత. నాకున్నది అదొక్కతే. తొమ్మిదో తరగతి. వచ్చే వారం ప్రదర్శనకి కొత్త పిల్ల దొరికేదాకా నువ్వు కూర్చోవే అంటే ముక్కు ఎగబీల్చింది. లావణ్య చోటు ఖాళీగా ఉంచు, నేను ఖాళీతోనే ఆడతాను అంది. సరే, నీ ఇష్టం అన్నాను.

ఐదుగురూ గజ్జెల పట్టీలు బిగించుకుని నిలబడ్డారు. నేను స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. గాలి గోడల్ని రుద్దుతోంది. పైన దీపాలు ఓసారి మినుకుమని, ఏసీ ఆగిపోయింది. దీపాలు వెలుగుతున్నా వాటి చుట్టూ కూడా దుమ్మే. ఉక్కపోత. అయినా పాట వెన్నలా సాగుతోంది, వరసలు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కళ్ళల్లో ఇసుక మండుతోంది. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను.

చెవికి ఎంత హాయిగా ఉందో. గజ్జెలన్నీ ఒక్కసారే పడుతున్నాయి. నేను కాస్త నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తున్నాయి. ఎక్కణ్ణుంచో కోసిన పచ్చగడ్డి వాసన వచ్చింది. ఈ ఎడారిలో గడ్డేమిటి అనుకుంటూనే వాయిస్తున్నాను.

జోడీల వంతు వచ్చింది. మొదటి ఇద్దరూ ఎగిరారు, దిగారు. రెండో జోడీ ఎగిరారు, దిగారు. తర్వాత నిఖిత.

రెండు జతల గజ్జెలు ముందుకొచ్చాయి.

అది నాకు వెంటనే తట్టలేదు. ఒకటి తేలిక, మా అమ్మాయిది. రెండోది బరువు. నేల అదిరేలా పడుతోంది, కొంచెం ఆలస్యంగా. వాయించేవాళ్ళ చేతులకి ఒక జబ్బు ఉంటుంది, బరువున్న అడుగు వెంటే పోతాయి. ఆ ఆలస్యానికి సరిపడా స్వరం సాగదీశాను. మళ్ళీ ఎగిరారు. ఇంకా సాగదీశాను. మూడోసారి ఎగిరారు. బరువైన గజ్జెలు పడ్డాయి.

తేలికవి పడలేదు.

కళ్ళు తెరిచాను.

నిఖిత గాల్లో ఉంది. నేలకి మూరెడు ఎత్తులో. కాలి వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. చేతులు పైకే ఉన్నాయి. రుమాళ్ళు మాత్రం కదలకుండా నిటారుగా కిందికి జారి ఉన్నాయి. మిగతా నలుగురూ తమ తమ చోట్లలో నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా దాని మొహంవైపు చూడటం లేదు. అందరూ అది దిగాల్సిన చోటునే చూస్తున్నారు... నేల మీద నిలబడ్డ మనిషి మొహం ఉండే ఎత్తులో.

నా చేతులు ఆ స్వరాన్ని లాగుతూనే ఉన్నాయి.

నిఖిత పెదాలు కదిలాయి.

"అమ్మా... ఆపకు."

"దిగమ్మా..." అన్నాను. అన్నానో, అనుకున్నానో.

"దిగలేను. నా చోట్లో ఎవరో నిలబడ్డారు."

కాన్సర్టీనాతో వచ్చిన చిక్కు ఏమిటంటే, తిత్తిలో పట్టినంతే గాలి. లాగుతున్న స్వరం లాగినంతసేపే. వెనక్కి మూస్తే అదే మీట మీద వేరే స్వరం పలుకుతుంది. అలా పలికితే ఏమవుతుందో నాకు తెలియదు. ఎవరికి తెలుస్తుంది? ఒక్కో వెంట్రుకవాసీ లాగాను. మడతలన్నీ విచ్చుకున్నాయి. చేతులు భుజాల దాకా చాచుకుపోయాయి. స్వరం సన్నబడింది. నా బిడ్డ నా కళ్ళల్లోకే చూస్తోంది. నేను ఏడుస్తున్నాను. ఇంక గాలి లేదు... కొంచెం ఉంది... లేదు.

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గజ్జెలు ఒక్కసారి, గట్టిగా పడ్డాయి.

నిఖిత నేల మీద నిలబడి ఉంది. నేను పెట్టె పడేసి వెళ్ళి వాటేసుకున్నాను. ఒళ్ళంతా తడిమాను. దెబ్బ లేదు, చెమట లేదు, కనీసం ఆయాసం కూడా లేదు. ఎవరు అక్కడ, ఎవరే అని అడిగాను. చూడలేదమ్మా, ఇంటికి పోదాం అని నెమ్మదిగా అంది. మిగతా పిల్లలు, ఎందుకు మిస్ ఏడుస్తున్నారు, ఆ ఒక్క సౌండే అంతసేపు ఎందుకు లాగారు అని అడిగారు. వాళ్ళకి ఏం చెప్పను? దుమ్ము పడింది అన్నాను.

సాయంత్రానికి గాలి తగ్గింది. బస్సులు వెళ్ళాక మేమూ బయల్దేరాం. కారు నిండా దుమ్ము వాసన. నిఖిత ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. నేను స్టార్ట్ చేసి, గేటు దాటి, రోడ్డెక్కాను. దారి సరిగా కనపడక ముందుకి వంగి నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూశాను. అది బెల్టు పెట్టుకోలేదు.

మా కారుకి బెల్టు పిచ్చి. ముందు సీట్లో కూరల సంచి పెట్టినా, ఆ బరువుకే మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టేదాకా కుయ్యో కుయ్యోమని ప్రాణం తీస్తుంది. రెండు ఉల్లిపాయల సంచులకే అరిచే కారు, అంత దూరం వచ్చినా నోరెత్తలేదు.

నిఖిత కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వంగి బెల్టు లాగి నేనే పెట్టాను. ఎంత బిగుసుకుంటే అంత బిగించాను. ఇంటికి వెళ్ళేదాకా కుడిచెయ్యి దాని తొడ మీద వేసి, కిందికి అదిమి పట్టుకునే నడిపాను. పార్కింగులో బండి ఆపాను. ఇంజిను ఆపాను. చెయ్యి తియ్యడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.