ముందే టైపు చేసిన అంగీకారం

రేణిగుంట జంక్షన్ వెనక, గోడౌన్ల వీధి. ఉదయం ఆరున్నర. లారీకి ఆనుకుని టీ తాగుతున్న మనిషి దగ్గర బాలచంద్ర ఆగాడు.

"అప్పా, మామిడి గుజ్జు లోడు యాడికి?"

"మదరాసుకి కాదు, మంగళూరుకి."

కోడ్ సరిపోయింది. ఆ మనిషి గిరిప్రసాద్, కేంద్ర గూఢచారి విభాగంలో బాలచంద్రకు బాస్. ఇద్దరూ లారీ క్యాబిన్‌లోకి ఎక్కారు. బ్రీఫింగ్ నాలుగే నిమిషాలు.

కార్వేటినగరం దాటి కొంత దూరం పోతే కొండకిందపల్లె. ఆ ఊరి కొండ మీద గ్రానైట్ క్వారీ కోసం కాల్‌బ్రిడ్జ్ స్టోన్స్ అనే కంపెనీ దరఖాస్తు పెట్టింది. కంపెనీ పేరుకే. నడిపేది ఒక విదేశీ గూఢచారి ముఠా. పక్క కొండ మీద మన రక్షణ శాఖ రాడార్ ఉంది. ఈ కొండ చేతికొస్తే, రాళ్లు కొడుతున్నామని చెప్పి పైన యాంటెన్నాలు నిలబెట్టుకుని రాడార్ సిగ్నల్స్ మొత్తం వినొచ్చు.

"పదకొండుకు ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉండాది," అన్నాడు గిరిప్రసాద్. "జనం ఒప్పుకున్నారని రాసిన రికార్డు మీద నరేంద్ర అనే ఆఫీసర్ సంతకం పెడితే సాయంత్రానికి లీజు వచ్చేస్తాది."

"మనమే ఆపించేస్తే పోలేదా సార్?"

"ఆపమని పైకి రాసినాను. ఆధారం యాడుందని వెనక్కి రాసినారు. ఆ రాసినాయన కొడుకే కంపెనీకి లాయరు. అందుకే ఆ దరఖాస్తు సభలోనే పడిపోవల్ల. జనం ముందర, వీడియో కెమెరా ముందర." మిగిలిన టీ నోటికి సయించక కిటికీలోంచి పారబోశాడు.

"లోపల మనవాళ్లు ఎవరు?"

"రాజశ్రీ. కంపెనీకి పీఆర్ మేనేజర్, రెండేళ్లుగా మన డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ నెమలి."

చొక్కా గుండీలో ఇమిడే కెమెరా, చెవిలో కనిపించని ఇయర్‌పీస్ చేతికిచ్చాడు. వేషం మైక్ సెట్ ఆపరేటర్.

పది గంటలకల్లా బాలచంద్ర షామియానా గుంజకు లౌడ్‌స్పీకర్ కడుతున్నాడు. మాసిన లుంగీ, చెవి మీద బీడీ. వెనక జనరేటర్ గడగడలాడుతోంది. తెల్లటి కారు దిగి రాజశ్రీ వచ్చింది. నల్లకళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. ఆమె నడుస్తుంటే బందోబస్తు పోలీసులు సెల్‌ఫోన్లు చూడడం మానేశారు.

"సౌండ్ ఎంత దూరం పోతాది?" అంది. అది కోడ్.

"చంద్రగిరి కోట దాకా."

ఆమె నవ్వి గొంతు తగ్గించింది. "నువ్వు అనవసరంగా వచ్చినావు. జనం ఏం మాట్లాడతారో నిన్ననే టైప్ చేసేసినారు. అరవై రెండు మంది, అందరూ ఒప్పుకున్నారు."

"టైప్ చేసిందెవరు?"

"ఏకాంబరం, నరేంద్ర దగ్గర సూపరింటెండెంటు. నేను మూడు దేశాల్లో పనిచేసినాను. ఆడ ఒక్క కాగితం కోసం తాళాలు పగలగొట్టినాను, గోడలు దూకినాను. ఈడ అడిగితే సరిపోయింది. ఇంకో కాపీ కావల్నా మేడమ్ అని ఆయనే అడిగినాడు."

ఆమె చూపించిన ముందువరస వైపు బాలచంద్ర చూశాడు. శత్రువు మీద కోపం రావచ్చు, వస్తే ఒంటికి బలం కూడా వస్తుంది. ఇది కోపం కాదు, రోత. పదిహేనేళ్ల సర్వీసులో బోలెడంతమంది దేశద్రోహుల్ని చూశాడు. వాళ్లకు కనీసం భయమన్నా ఉండేది. ఏకాంబరం మాత్రం ముందువరసలో కూర్చుని, సమోసా తింటూ, నూనెచేతులు ప్రభుత్వ ఫైలు అట్టకు తుడుచుకుంటున్నాడు.

పదకొండుకు సభ మొదలైంది. తొమ్మిది మంది మాట్లాడారు, తొమ్మిది మందీ వద్దన్నారు. నరేంద్ర వేదిక మీదే ఉన్నాడు గానీ ఆయన చెవులు ఫోనుకే అంకితం. ఆఖరున దేవకమ్మ మైకు పట్టుకుంది.

"ఆ కొండలో ఊట ఉండాది సామీ. మా ఎకరన్నర దానిమీదే పండతాది. మందుపెట్టి కొండను పేలిస్తే ఊట ఇంకిపోతాది. మేము యాడికి పోవల్ల? మాకు ఇంకేం లేదు." ఆమె భర్త కుప్పయ్య ముందు చాప మీద కూర్చుని ప్రతి మాటకూ తల ఊపాడు.

చప్పట్లు ఆగాక ఏకాంబరం ఆ ఫైలు తెచ్చి నరేంద్ర ముందు తెరిచాడు. రికార్డును తెలుగులో జనానికి చదివి వినిపించాకే సంతకం చేయాలని చట్టం. ఏకాంబరం మైకులో ఒక్కటే వాక్యం అన్నాడు. "చదివి వినిపించినట్టు భావించడమైనది." నరేంద్ర పెన్ను మూత తీశాడు.

మన సభల్లో మైక్ సెట్ వాణ్ని ఎవరూ మనిషి కింద లెక్కపెట్టరు. తప్పిపోయిన పిల్లవాడి సంగతి మొదలుకుని నాయకుల రాక దాకా ఏది అనౌన్స్ చేసినా, వేదిక మీది పెద్దలెవరో చెప్పమన్నారనే అందరూ అనుకుంటారు. బాలచంద్ర తిన్నగా వెళ్లి నరేంద్ర ముందున్న ఫైలులో పైపేజీలు తీసుకున్నాడు. ఆఫీసర్ చెప్పాడని ఏకాంబరం అనుకున్నాడు. ఏకాంబరం చెప్పాడని ఆఫీసర్ అనుకున్నాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే లౌడ్‌స్పీకర్‌లో అతని గొంతు మోగింది.

"ప్రజల అభిప్రాయాలు. ఒకటి. దేవకమ్మ గారు క్వారీ రాకను హర్షించారు. రెండు. ఆమె భర్త కుప్పయ్య గారు మాట్లాడుతూ, కొండ తమకు ఎందుకూ పనికిరాదని, క్వారీ వస్తే ఊరు బాగుపడుతుందని గంటసేపు ఉద్వేగంగా..."

లౌడ్‌స్పీకర్ మూగబోయింది. జనరేటర్ ఆగిపోయింది. బాలచంద్ర తల తిప్పి చూశాడు. రాజశ్రీ బొటనవేలు కారు తాళంలాంటి చిన్న రిమోట్ మీద ఉంది. నెమలి మన మనిషి కాదు. ఎప్పుడూ కాలేదు. ఏం చెప్పినా అతను చేయగలిగింది లేదన్న ధీమాతోనే ఆమె నిజం చెప్పింది.

"కరెంటు పోయింది, సంతకం చేసేయండి సార్," ఏకాంబరం తొందరపెట్టాడు.

కానీ జనం వినాల్సింది వినేశారు. దేవకమ్మ లేచింది. మైకు లేకుండానే ఆమె గొంతు వేదిక దాకా వచ్చింది.

"సామీ, మా ఇంటాయనకి పుట్టినప్పట్నించీ మాట రాదు. గంటసేపు యాడ మాట్లాడినాడు?"

రేషన్ కార్డుల జాబితా చూసి పేర్లు దించుకున్న ఏకాంబరానికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఊరికి ఒక్కసారి వచ్చి ఉంటే తెలిసేది. కుప్పయ్య వేదిక ఎక్కాడు. నరేంద్ర పెన్ను కాగితాన్ని తాకబోతుండగా, మట్టి కొట్టుకుపోయిన అరచేతిని సంతకం చోట ఆనించి నిలబడ్డాడు.

ఏకాంబరం ఆఫీసర్ చెవి దగ్గర వంగాడు. పక్కనే నిలబడ్డ బాలచంద్రకు ప్రతి మాటా వినబడింది.

"మాట్లాడలేదు గదా సార్. అంటే అభ్యంతరం లేదనే గదా. అట్లే రాసేస్తాం."

నరేంద్ర తల ఎత్తాడు. వీడియో కెమెరా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. దాని ఎర్రదీపాన్ని చూశాడు, కుప్పయ్య చేతిని చూశాడు. ఫైలును అలాగే వదిలి, తెల్లకాగితం మీద రాశాడు. రికార్డు బూటకం, ప్రజలు అంగీకరించలేదు, దరఖాస్తు తిరస్కరించడమైనది. కింద సంతకం చేశాడు. కుప్పయ్య అప్పుడు చెయ్యి తీశాడు. దేవకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రాజశ్రీ కారు ఊరు దాటకముందే, బాలచంద్ర గుండీ కెమెరాలో ఆ రిమోట్‌ను చూసిన గిరిప్రసాద్ మనుషులు అడ్డం నిలిచారు. చేతులకు బేడీలు పడుతుంటే ఆమె కళ్లద్దాలు తీసి బాలచంద్రను చూసింది.

"నన్ను పట్టుకున్నావు సరే. ఏకాంబరాన్ని ఏం జేస్తావు?"

బాలచంద్ర ఆమె చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు.

మూడు వారాలకు జవాబు అధికారికంగా వచ్చింది. విచారణ ముగిసేదాకా ఏకాంబరాన్ని అక్కడి నుంచి తప్పించి, ఉద్యోగులకు పారదర్శకత మీద శిక్షణ ఇచ్చే విభాగంలో వేశారు. ఆయన చెప్పే తొలి తరగతికి తప్పక హాజరు కావలసిన వారి జాబితాలో, అనుమతి లేకుండా ప్రభుత్వ ఫైలు ముట్టుకున్నందుకు, మొదటి పేరు బాలచంద్రది.