పైపు మీద నురగ

అమెరికాలో ఆల్ఫారెట్టా నుంచి ఉత్తరంగా రెండు గంటలు డ్రైవ్ చేస్తే కొండల మధ్య ఒక క్యాంప్‌గ్రౌండ్ వస్తుంది. అందులో అన్నిటికంటే చివర, వాగుకి దగ్గరగా, ముప్పై ఒకటో నంబరు చోటు. అక్కడ మాత్రం ట్రైలర్ — కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు — పెట్టుకుని పడుకోవద్దని ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు.

పగలు చూస్తే ఏమీ లేదు. నాలుగు చెట్లు, ఒక చెక్క బల్ల. అర్ధరాత్రి దాటితేనే... ట్రైలర్ గోడ పక్కన స్స్... స్స్... అని ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదిలినట్టు వినిపిస్తుందట. తెల్లారి చూస్తే గ్యాస్ పైపు మీద తెల్లటి నురగ ఎండిపోయి ఉంటుందట. ఒక్కోసారి సిలిండర్ దానంతటదే కట్టేసి ఉంటుందట. మట్టిలో అడుగులు — చిన్నవి, ఆడమనిషివి.

అప్పటికి ఏడేళ్ళ కిందట అక్కడ ఒక పెద్దమనిషి ట్రైలర్‌తో సహా కాలిపోయిన మాట నిజం. మిగిలినదంతా నలుగురి నోళ్ళలో పడి పెరిగింది.

రెండువేల పన్నెండు నవంబరు నెలాఖరు సెలవులకి సత్యం, అతని భార్య గిరిజ వెళ్ళి ఆ చోట్లోనే దిగారు. ఆ రాత్రి సంగతి తర్వాత గిరిజే చెప్పింది. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు.

మిగతా చోట్లన్నీ నిండిపోయాయి. ముప్పై ఒకటి ఒక్కటే ఖాళీ. "దెయ్యానికి కూడా రిజర్వేషన్ ఉందా?" అని సత్యం ఆఫీసు కౌంటరు దగ్గరే నవ్వాడు. కంప్యూటర్ ఉద్యోగం చేసే మనిషి. స్నేహితుడు రామమోహన్‌తో కలిసి పాత ట్రైలర్ ఒకటి కొన్నాడు. ఒక ట్రిప్పు వీళ్ళు, ఒక ట్రిప్పు వాళ్ళు. రిపేర్లన్నీ చేసేది సత్యమే. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోడు. ఆ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాడు.

ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ మొరాయించింది. గ్యాస్ మంటతో చల్లబడే ఫ్రిజ్ అది. మంట వెలగడం, రెండు నిమిషాలకి ఆరిపోవడం. సత్యం బయటి గోడకున్న రేకు తలుపు తీసి చూశాడు. బర్నర్ గొట్టంలో సాలెగూడు. అంతవరకు సరిగ్గానే పట్టుకున్నాడు. గొట్టం విప్పాడు, శుభ్రం చేశాడు, మళ్ళీ బిగించాడు. బిగించేటప్పుడు, గట్టిగా ఉంటుందని, నీళ్ళ కుళాయికి చుట్టే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాడు.

ఆ జాయింటుకి టేపు చుట్టకూడదు. ఇత్తడి రాగిని నేరుగా అదిమితేనే గ్యాస్ ఆగుతుంది. బిగించాక సబ్బునీళ్ళు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇదంతా ట్రైలర్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉంది. పుస్తకం సొరుగులో ఉంది.

లోపల, నేలకి జానెడు ఎత్తులో, గ్యాస్ అలారం ఒకటి ఉండేది. గిరిజ పోపు వేసినప్పుడల్లా అది కీచుమని అరిచేది. మొదటి ట్రిప్పులోనే సత్యం దాని వైరు పీకేశాడు. "వీళ్ళకి ఎండుమిరపకాయ వేగినా ఎమర్జెన్సీయే," అన్నాడు. గిరిజ కూడా నవ్వింది. ఆ నవ్వుకి ఇప్పటికీ ఆవిడ తనను తాను క్షమించుకోదు.

రాత్రి పదింటికి చలి పెరిగింది. కిటికీలు, పైకప్పు గాలిగుమ్మం అన్నీ మూసేశారు. ఫ్రిజ్ ఇంకా నిలకడగా వెలగడం లేదు. "రేపు చూద్దాం," అని సత్యం దాని స్విచ్ ఆపాడు. హీటర్‌కి కావాలని సిలిండర్ మాత్రం తెరిచే ఉంచాడు. టేపు చుట్టిన జాయింటు ఆ స్విచ్‌కి ముందే ఉంది; సిలిండర్ తెరిచి ఉన్నంతసేపూ అక్కడ కారిన గ్యాస్ ఫ్రిజ్ వెనక సందుల్లోంచి లోపలికి వస్తుంది. తెల్లవారుజామున చలి ముదిరితే దానంతటదే వెలిగేలా హీటర్ పెట్టి పక్క ఎక్కాడు.

"ఏవండీ, ఏదో వాసన వస్తోంది."

"నీ ఇంగువే."

"డబ్బా మూత పెట్టే ఉంది."

"మూతకి ఆగుతుందా అది? నేను లంచ్ బాక్స్ తెరిస్తే మూడో ఫ్లోర్ వాడికి తెలుస్తుంది."

ప్రొపేన్‌కి సొంతంగా వాసన ఉండదు. కారితే తెలియాలని దానిలో ఒక కంపు కలుపుతారు. ఇంకొక దేశం మనిషైతే కుళ్ళిన గుడ్డు అనుకుంటాడు. మనవాళ్ళ ముక్కుకి అది ఇంగువలాగే తగులుతుంది.

గిరిజ లేచి ఇంగువ డబ్బాని రెండు కవర్లలో చుట్టి, బయటికెళ్ళి కార్‌లో పెట్టి వచ్చింది. చల్లటి గాలిలోంచి లోపలికి అడుగు పెట్టగానే వాసన ముక్కుపుటాల్ని కోసింది.

"ఇంకా వస్తోందండీ. కార్‌లో పెట్టేసి వచ్చాను కూడా."

"పరుపులకి పట్టేసి ఉంటుంది. గిరీ, ఇరవై రెండేళ్ళుగా ఇంజనీర్ని. జాయింట్ నేను చెక్ చేశాను. ఇక పడుకో."

పడుకుంది. మూడోసారి చెప్పలేదు. ప్రాణం మీదికొచ్చే మాటని రెండుసార్లు అని ఊరుకోవడం మర్యాద కాదు, తప్పు. ఆ సంగతి ఆవిడకి ఆ రాత్రే తెలిసొచ్చింది.

ఎంతసేపు నిద్రపోయిందో తెలియదు. తల బరువుగా ఉంది. చీకటి...

స్స్... స్స్...

గోడకి అవతల. ఫ్రిజ్ ఉన్న వైపు.

"విన్నారా?" అంది గుసగుసగా.

సత్యం మెలకువగానే ఉన్నాడు. "వాగు."

"వాగు అటు ఉంది."

స్స్... మళ్ళీ. తర్వాత రేకు తలుపు గడియ మెల్లగా తిరిగిన చప్పుడు — కిర్రు. గిరిజ కర్టెన్ అంచు ఎత్తి చూసింది. కింద ఒక తెల్లటి ఆకారం గొంతుక్కూర్చుని ఉంది. తల మీదుగా ముసుగు. సన్నటి వెలుతురులో పైపు మీద నురగ ఉబ్బుతోంది... పగులుతోంది... మళ్ళీ ఉబ్బుతోంది.

ఆకారం చటుక్కున లేచింది. సిలిండర్ వైపు వెళ్ళింది. ఏదో గట్టిగా తిప్పిన చప్పుడు. అడుగులు వెనక్కి వచ్చాయి.

తలుపు మీద మూడు దెబ్బలు.

సత్యం గిరిజ మణికట్టు పట్టుకున్నాడు. పగలంతా ఆ చోటు మీద జోకులేసిన మనిషి చెయ్యి మంచులా ఉంది. "తీయకు," అన్నాడు. "నేను చెప్తున్నాను... తీయకు." రెండో చేత్తో లైటు స్విచ్ కోసం తడుముతున్నాడు.

"డోంట్ టచ్ ద లైట్." బయటినుంచి, ఆడగొంతు, వణుకుతూ. "డోంట్ టచ్ ఎనీథింగ్. కమ్ ఔట్. ప్లీజ్."

అతని చెయ్యి ఆగింది. గిరిజ తన చెయ్యి విడిపించుకుంది. పెళ్ళయ్యాక అతని మాట కాదని ఆవిడ చేసిన మొదటి పని అదే. తలుపు తీసింది.

ఎదురుగా డెబ్బై ఏళ్ళ మనిషి. తెల్ల శాలువా, కాళ్ళకి షూస్, ఒక చేతిలో చిన్న టార్చి, ఇంకో చేతిలో సబ్బునీళ్ళ స్ప్రే బాటిల్. గిరిజ మెడలో నల్లపూసలు చూసి ఒక్క క్షణం తడబడింది. "తెలుగువాళ్ళా... తలుపు అలాగే వదిలేసి రామ్మా. త్వరగా. ఆయన్నీ లాక్కురా."

ఒట్టి కాళ్ళతో బల్ల దాకా పరిగెత్తారు. ఆవిడ ఇంకా దూరం, చెట్ల దాకా నడిపించింది. కార్‌లో కూర్చుంటామంటే వద్దంది. చాలాసేపు నిలబడ్డారు. తెరిచిన తలుపులోంచి గాలి లోపలికి వెళ్తోంది, వస్తోంది. చలి కోస్తోంది.

అప్పుడు ట్రైలర్ లోపల టక్... టక్... టక్...

హీటర్. దానంతటదే, పెట్టినట్టే, మంట కోసం నిప్పురవ్వలు కొడుతోంది. మూడుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. సిలిండర్ కట్టేసి ఉంది. నేల మీద పేరుకున్న గ్యాస్ ఈలోగా తలుపులోంచి పోయింది. తలుపు తీయకపోతే...

సత్యం నేల మీద కూలబడ్డాడు.

ఆవిడ పేరు దమయంతి. గేటు దగ్గర చిన్న ట్రైలర్‌లో ఉంటూ, రాత్రి ఆలస్యంగా క్యాంపుకి వచ్చేవాళ్ళకి చోటు చూపించే పని చేస్తోంది.

"రాత్రిపూట ఇదేమిటమ్మా?" అంది గిరిజ.

"పగలు అడిగితే ఏ మగాడూ చూడనివ్వడు. ముసల్దానివి, నీకేం తెలుసంటారు. గెస్టుల సామాను ముట్టుకోవద్దని ఆఫీసువాళ్ళు కూడా అన్నారు. అందుకని పడుకున్నాక చూసి పోతాను. కారుతుంటే కట్టేస్తాను."

"దెయ్యమని చెప్పుకుంటున్నారు."

"విన్నాను." దమయంతి బల్ల వైపు చూసింది. "ఇక్కడే, మా ఆయన. మల్లికార్జునరావు గారు. పెద్ద సైంటిస్టు. వాసన వస్తోందన్నాను. నీ ఇంగువే అన్నారు. నాకు కోపం వచ్చి, బయటికొచ్చి, ఆ బల్ల మీద కూర్చున్నాను. హీటర్ టక్‌టక్‌మనడం విన్నాను. రెండోసారి చెప్పి ఉండాల్సింది."

సత్యం నేల మీద నుంచే అన్నాడు: "టేపు కొంచెం లూజై ఉంటుంది. ఇంకో రెండు చుట్లు వేస్తే సరిపోతుంది."

దమయంతికి థాంక్స్ కూడా చెప్పలేదు.

రెండు వారాల తర్వాత ఆల్ఫారెట్టాలో రామమోహన్ ఇంట్లో భోజనాలు. ఇప్పుడు ట్రిప్పు వాళ్ళది. ట్రైలర్ వాళ్ళ ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే ఉంది. పొద్దున్నే ఫ్లోరిడా ప్రయాణం.

తిన్నాక సత్యం మొదలుపెట్టాడు. తెల్లటి ముసుగు, నురగ, తలుపు మీద మూడు దెబ్బలు. చెప్తున్నకొద్దీ ఆకారం ఎత్తు పెరిగింది. రామమోహన్ భార్య ఉష సోఫా మీదికి కాళ్ళు ముడుచుకుంది. తాను లేచి గిరిజని ఎలా బయటికి లాగాడో కూడా చెప్పాడు.

"దెయ్యం కాదు," అంది గిరిజ. "మనిషి. ఫ్రిజ్ వెనక గ్యాస్ లీకైంది. ఆవిడ రాకపోతే మేం లేం."

సత్యం చిన్నగా నవ్వాడు. "పాపం, ఆ రాత్రి భయపడిపోయింది. ఇంకా ఏదేదో అంటూ ఉంటుంది. లీక్ ఉంటే నాకు తెలియదా?"

"కథ పాడుచేయకండి గిరిజ గారూ," అన్నాడు రామమోహన్. అందరూ నవ్వారు.

గిరిజ వంటింట్లోకి వెళ్ళింది. ఉష వెనకే వచ్చింది.

"ఉషా, రేపు వెళ్ళకండి. ఎవరైనా మెకానిక్‌కి చూపించండి."

"అన్నయ్యగారు చెక్ చేశారు కదా వదినా. మా ఆయనకి ఇలాంటివి చెప్తే కసురుకుంటారు." ఉష ఖాళీ గ్లాసులు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

గిరిజ ఒక గిన్నెలో నీళ్ళు పట్టి, అంట్లు తోమే సబ్బు కలిపి, తన తెల్ల శాలువా తల మీదుగా కప్పుకుని, పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళింది. సిలిండర్ తెరిచింది. రేకు తలుపు గడియ తిప్పి గొంతుక్కూర్చుంది. ఫోన్ వెలుతురు కింద జాయింటు కనిపించింది. టేపు మీద కొత్త టేపు. సబ్బునీళ్ళు పోసింది.

మొదట ఒక్క బుడగ. తర్వాత గుత్తులుగా...

సిలిండర్ కట్టేసి, వీధి తలుపు వైపు నడిచింది. కిటికీ అద్దానికి అవతల ఉష మొహం. నోరు తెరుచుకుని ఉంది.

"ఎవరో ఉన్నారు... ట్రైలర్ దగ్గర... తెల్లగా..."

"చూడకండి." సత్యం గొంతు. "కర్టెన్ వేసెయ్యండి. తలుపు తీయొద్దు."

గిరిజ మెట్లెక్కి తలుపు కొట్టింది. "నేనే," అంది. "గ్యాస్ కారుతోంది. రండి, చూపిస్తాను."

లోపల ఎవరో పరిగెత్తుకుంటూ తలుపు దాకా వచ్చారు. తాళం పడింది.