కొండ నేర్చుకోని మాట

“దిగండి,” అన్నాడు వీరబాబు.

“దిగను,” అంది వినీల.

“చిన్న పడవండి. ఇద్దర్ని మోయదు.”

“మొన్న ఇదే పడవలో మీరూ, మీ మావయ్యా, రెండు డీజిల్ డ్రమ్ములూ వెళ్లారు. నేను డ్రమ్ము కన్నా బరువా?”

ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా తప్పేనని వీరబాబుకి తెలుసు. పడవ కట్టు విప్పసాగాడు.

ముసురు విడవలేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. టూరిస్టు లాంచీలన్నీ రేవులో కట్టేశారు. ఆ లాంచీల్లో ఒకదాన్ని నడిపే సరంగు వీరబాబు. రావులపాలెం నుంచి వచ్చిన వినీల దాని మీద మైకు అమ్మాయి. లైఫ్ జాకెట్లు వేసుకోమనడం, ఏ వైపు ఏముందో జనానికి చెప్పడం ఆమె పని.

“పిలుపుకొండకే కదా?” అంది.

“చేపలకండి.”

“చేపలకి వెళ్లేవాడు వల తీసుకెళ్తాడు. మీ పడవలో తాడు చుట్ట ఉంది.”

వీరబాబు ఇంజను స్టార్ట్ చేశాడు. వినీల దిగలేదు.

పాపికొండల్లో నది మెలిక తిరిగే చోట ఉంది పిలుపుకొండ. అక్కడ ఎవరు ఏం మాట్లాడినా కొండ దాచుకుంటుంది. దాచుకున్న మాటని ఆ మనిషి గొంతుతోనే తిరిగి పలుకుతుంది. ఆ గొంతు విని మంచులోకి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. అందుకే మెలిక దగ్గర సరంగులు నోరు విప్పరు, వినీల మైకు కట్టేస్తుంది. కొత్తలో ఆ సంగతి తెలియక ఆమె మైకులో చెప్పిన మాటలు కొండ దగ్గర ఇంకా ఉన్నాయి.

కిందటేడు వరదలో వీరబాబు అన్న రాముడి పడవ అక్కడే తిరగబడింది. వెనక పడవలో వీరబాబూ వినీలా ఉన్నారు. “తమ్ముడూ, తాడు విసురు!” అని రాముడు అరిచాడు. వీరబాబు విసిరాడు. అందలేదు. శవం కూడా దొరకలేదు. ఆ కేక మాత్రం కొండ మీంచి ఇంకా వినబడుతోంది.

“అమ్మ ఇప్పటికీ అన్నయ్యకి కంచం పెడుతోందండి,” అన్నాడు వీరబాబు దారిలో. “కర్మ చెయ్యనివ్వదు. గొంతు ఉన్నప్పుడు మనిషి ఎందుకు ఉండడు అంటుంది.”

“మీరేమంటారు?”

“నేనూ అదే అంటాను.”

“అది మీ అన్నయ్య కాదండి. కొండ.”

“వెళ్లి చూస్తే తెలుస్తుంది కదా.”

“చూసొచ్చినవాళ్లు ఒక్కరుంటే అడుగుదామండి.”

మెలిక దగ్గర వీరబాబు ఇంజను ఆపాడు. కొండ మీంచి మంచు నీటి దాకా దిగింది.

“అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి,” అని పైనుంచి వినీల గొంతు వినబడింది. వినీల నోరు తెరవలేదు.

“మీ డ్యూటీ మీకన్నా బాగా చేస్తోంది,” అన్నాడు వీరబాబు గుసగుసగా. ఏడాదిలో అతను వేసిన మొదటి జోకు అది. వినీలకి నవ్వు రాలేదు.

“తమ్ముడూ, తాడు విసురు!”

వీరబాబు తాడు చుట్ట భుజాన వేసుకుని రాళ్ల మీదికి దూకాడు. వినీల గెడకర్రని రాళ్ల సందులో గుచ్చి పడవని ఆపింది. తల తిప్పి చూసేసరికి అతను మంచులో కనబడలేదు.

“వీరబాబు గారూ, ఇటు రండి!”

“వీరబాబు గారూ, ఇటు రండి!” అంది కొండ, ఎడమ నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి.

“ఏది మీరు?” అని వీరబాబు అరిచాడు. కొండ ఆ మాట కూడా తీసుకుంది.

వినీలకి అప్పుడు తట్టింది. కొండ విన్నదే చెప్పగలదు. ఏ మాటైనా మొదటిసారి అనడం దానికి చేతకాదు.

“మొదట వినబడేది నేను! రెండోది కొండ! కొత్తమాట వైపు నడవండి!” అని అరిచింది. కొండ అదీ తిరిగి చెప్పింది.

“మీ నీలం చొక్కా నాకు అస్సలు నచ్చదు!”

రాళ్ల మీద అడుగులు వినబడ్డాయి.

“మీరు డెక్కు మీదికొస్తే మైకులో కుడిని ఎడమ అని చెప్పేస్తాను!”

అడుగులు దగ్గరయ్యాయి.

“ఫ్లాస్కులో టీ మిగిలిందని రోజూ ఇస్తానే, అది మిగిలింది కాదు. మీకోసం దాచింది!”

కొండ ఆమె చొక్కా మాటా, డెక్కు మాటా, టీ మాటా కలిపి అన్ని వైపుల నుంచీ చెప్పసాగింది. వాటి మధ్య నుంచి రాముడి గొంతు వచ్చింది.

“తమ్ముడూ, తాడు విసురు!”

అడుగులు ఆగాయి. తర్వాత దూరమయ్యాయి.

గెడ జారుతోంది. వినీల దగ్గర ఒక్క మాటే మిగిలింది.

“మిమ్మల్ని ప్రేమిస్తున్నాను! మా అమ్మకి కూడా చెప్పేశాను! వచ్చి పడవెక్కండి!”

చాలాసేపు ఏ అడుగూ వినబడలేదు. తర్వాత మంచులోంచి ఒక చెయ్యి వచ్చి పడవ అంచు పట్టుకుంది.

వీరబాబు ఎక్కి కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. రాముడి గొంతు మళ్లీ పిలిచింది. వీరబాబు లేచి, చుట్ట మొత్తం ఆ గొంతు వైపు విసిరాడు. కొస కూడా చేతిలో ఉంచుకోలేదు.

“విసిరాను అన్నయ్యా.”

తాడు మునిగింది. కాసేపటికి కొండ “తమ్ముడూ, తాడు విసురు” అంది. వెంటనే వీరబాబు గొంతుతో “విసిరాను అన్నయ్యా” అంది.

వీరబాబు ఇంజను స్టార్ట్ చేసి పడవని మెలిక దాటించాడు.

“అమ్మకి చెప్పాలండి. ఇంక కంచం తీసెయ్యమని,” అన్నాడు వీరబాబు.

“నేనూ వస్తాను.”

“ఆ నీలం చొక్కా అన్నయ్యదండి.”

వినీల నీళ్ల వైపు చూసింది. “అయితే వేసుకోండి. నేనే అలవాటు పడతాను.”

వాన పెరిగింది. అతను ఇంజను తగ్గించాడు.

“ఆ చివరి మాట ఇంకోసారి చెబుతారా?”

వినీల వెనక్కి తిరిగి చూసింది. కొండ కనబడటం లేదు. అప్పుడు చెప్పింది, మెల్లగా.

ఈసారి ఆ మాటని కొండ తిరిగి చెప్పలేదు. వీరబాబు చెప్పాడు.