కాదన్నా కదలని మాట

ఆ నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒకరు రాసిన అర్థాన్ని ఇంకొకరు కాదనాలి. కాదన్నా నిలబడితేనే అది అచ్చుకు వెళ్తుంది. ఇంగ్లీషు మాటలకు టర్కిష్ అర్థాలు రాసే పని అతనిది. అతను రాసినదాన్ని కాదనే పని ఆమెది. చీటీ చేతికి రాగానే జడ వెనక్కి విసిరి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, కత్తి నూరుకున్నట్టు సర్దుకుని కూర్చుంటుంది. ఆ కాస్సేపూ చూడడానికే అతను రోజూ పది నిమిషాలు ముందు వస్తాడు.

ఆ ఉదయం కిటికీ బయట వాన మొదలైంది. ఆమె చేతిలో ‘విత్‌స్టాండ్’ చీటీ ఉంది, తట్టుకుని నిలబడడం అనే మాటది.

“దిరెన్‌మెక్, బిగదన్ని నిలవడం అని రాశారేంటండీ? మొండికేసిన గుర్రంలా ఉంది.”

“అవునండీ,” అని అతను చీటీ తీసుకుని రెండు ముక్కలు చేశాడు.

“చింపేశారేం?”

“మీరు కాదన్నారుగా.”

“కాదనడం నా డ్యూటీ. వాదించడం మీ డ్యూటీ. ఏడు నెలల్లో ఒక్కసారైనా వాదించారా?”

“మీరు చెప్పేది బాగుంటుందండీ.”

“అన్నీనా?”

అతను నవ్వాడు. అన్నీ బాగుంటాయి. ఆమె కాదనే తీరు ఇంకా బాగుంటుంది. ఎవరి మనసూ నొచ్చుకోకుండా, తప్పు మాత్రం తప్పించుకోకుండా కాదంటుంది. అలాంటి మనిషితో వాదించడమంటే అతనికి దీపాన్ని ఊదినట్టు ఉండేది.

“మూడు నెలల కిందట నన్ను టీకి పిలిచారు, గుర్తుందా?” అంది ఆమె.

“మీరు వద్దన్నారు కదండీ.”

“ఆ రోజు వద్దన్నాను. గొంతు నొప్పి. మర్నాడు పిలవొచ్చుగా!”

అతని కళ్ల ముందు మూడు నెలల టీలు చల్లారిపోయాయి.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. “రేపటి నుంచి నా సీటు పై అంతస్తులో. నాన్న నిన్న చెప్పారు.”

నాన్నంటే ఆ ఆఫీసు ఎడిటరుగారే. కాదనే పద్ధతి పెట్టింది ఆయనే.

“ఎందుకండీ?”

“మీవల్లే.”

“నేనేం చేశాను?”

“ఏమీ చెయ్యలేదు. అదే గొడవ. ‘ఆ అబ్బాయి నీకేసి చూసే చూపు నాకు తెలుసమ్మా. కానీ ఒక్క మాట కాదంటే చీటీ చింపుకునేవాడు, రేపు నలుగురూ కాదంటే నిన్నేం నిలబెట్టుకుంటాడు?’ అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.” ఆమె కిటికీవైపు తిరిగింది. “తోచుంటే బాగుండేది.”

అతను కొత్త చీటీ తీసి రాసి, ఆమె ముందు పెట్టాడు. గోయుస్ గెర్‌మెక్. రొమ్ము విరిచి ఎదురు నిలవడం.

ఆమె చూసి పెదవి విరిచింది. “మరీ డాంబికంగా ఉంది. కర్షి కోయ్‌మాక్ చాలు కదా, ఎదిరించడం?”

అతని చెయ్యి అలవాటుగా చీటీ మీదికి వెళ్లింది. మధ్యలోనే ఆగింది.

“చాలదండీ.”

“ఏంటీ?”

“చాలదంటున్నాను. ఎదిరించడంలో తిరిగి కొట్టడం ఉంది. ఇందులో లేదు. దెబ్బ వచ్చి మన రొమ్ము మీదే పడుతుంది. అయినా చోటు వదలం.”

“అలా ఎవరుంటారు?”

“మా అమ్మ. నాన్న పోయాక పెదనాన్నలూ బాబాయిలూ కూర్చుని, వీడికి చదువెందుకు, మాన్పించెయ్యమన్నారు. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. పొద్దున్నే లేచి నా యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. వాళ్లు మళ్లీ వచ్చి అరిచారు. మర్నాడూ ఇస్త్రీ చేసింది. ఆ ఏడాదంతా అంతే. దాన్ని ఎదిరించడం అంటే నేనొప్పుకోను. మీరు ఎన్నిసార్లు కాదన్నా ఒప్పుకోను.”

చివరి మాటకు గొంతు కాస్త పెద్దదైంది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగింది. ఆమె అతన్ని మొదటిసారి చూసినట్టు చూసింది. మెల్లగా చీటీ మీద సంతకం చేసింది.

“ఇస్తారా? ఎడిటరుగారి గదికి నేనే తీసుకెళ్తాను,” అని అతను లేచాడు.

ఎడిటరుగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చీటీ చదివారు. “బాగుందయ్యా. ఇంకేమన్నా ఉందా?”

“ఉందండీ. మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను.”

“కుదరదు,” అన్నారాయన, కామా తప్పు దిద్దినంత తేలిగ్గా. “నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.”

“ఇంకో ఏడాది పడుతుందండీ. ఆగుతాను.”

“ఆగినా అంతే. నువ్వు మెతక మనిషివి.”

“మెతకేనండీ. అయినా ఇక్కణ్ణుంచి వెళ్లను.”

“మా అమ్మాయి పొద్దున లేచింది మొదలు ప్రతిదానికీ కాదంటుంది. ఇరవై నాలుగేళ్లుగా పడుతున్నాను, నాకు తెలుసు.”

“ఆవిడ కాదన్న ప్రతిసారీ నా పని మెరుగైందండీ. నేనూ అవుతానేమో.”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తుడవడం అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపు సాగింది. తర్వాత గొడుగు అందుకుని, “టీ తాగొస్తాను,” అంటూ గుమ్మం దగ్గరికి వెళ్లారు. అక్కడ కూతురు నిలబడి ఉంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, వానలోకి దిగిపోయారు.

“బాగానే ఉంది వరస!” అంది ఆమె, నడుము మీద చేతులు పెట్టుకుని. “పెళ్లి నాకైతే, మీరిద్దరూ తేల్చేసుకుంటారా? నన్నెవరూ అడగరా?”

అతను గతుక్కుమన్నాడు. “క్షమించండి. అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?”

“ఆలోచించుకోవాలి.”

“ఆలోచించుకోండి.”

“సాయంత్రం దాకా పడుతుందేమో.”

“పడనివ్వండి. ఇక్కడే ఉంటాను.”

అతను నిజంగానే కదల్లేదు. టేబులు పక్కన, బడిలో పేరు పిలిస్తే లేచిన పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అది ఆగలేదు.

నాన్న కుర్చీ పక్కన ఉన్న ఇంకో కుర్చీ లాగి, అతని వెనక వేసింది.

“ఇక కూర్చోండి,” అంది. “నిలబడింది చాలు.”