ఎనిమిదిన్నర వేల చుట్లు

షెడ్డు రేకుల మీద మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. బల్ల మీద రెండు డ్యాంపర్లు పక్కపక్కన ఉన్నాయి. వాటి ముందు కూర్చున్న అమ్మాయి వాన సంగతే పట్టనట్టు పెన్సిలు కొరుకుతూ కాగితం మీద గుణకారాలు చేసుకుంటోంది.

ఆమెకి ఇరవై మూడేళ్లు. ఇంజన్ల పని కాలేజీలో నేర్చుకోలేదు. బాబాయి షెడ్డులో విప్పి, బిగించి, పాడుచేసి, తిట్లు తిని నేర్చుకుంది. ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా నోటితోనే తేల్చేస్తుందని ఇంటిల్లిపాదీ ఆమెని 'లెక్కలు' అనే పిలుస్తారు. ఎల్లుండి రేసులో అక్క మొగుడు నడపబోయే కారు ఇంజన్ మొదటి బోల్టు నుంచీ తనొక్కతే కట్టింది. మిగిలింది ఈ ఒక్క సామాను.

చూడ్డానికి డ్యాంపర్ అంటే చిన్న పళ్లెమంత ఇనప చక్రం, అంతే. ఇంజన్లో పెట్రోలు మండిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్టు అనే ఉక్కు ఇరుసు తడిబట్టని పిండినట్టు మెలి తిరుగుతుంది. ఆ మెలిని మింగేయడమే దీని పని. సరైనది పెట్టకపోతే చేతి మణికట్టంత లావు ఉక్కు కూడా చెరకు గడలా ఫట్‌మని విరుగుతుంది.

మొదటిది కారుతో పాటు వచ్చిన రబ్బరు డ్యాంపర్. నిమిషానికి ఏడు వేల చుట్లు దాటితే రబ్బరు జారిపోతుంది. రెండోది చుట్టూ వెల్డింగ్ చేసి మూసేసిన ఉక్కు డబ్బా. లోపల చిక్కటి నూనె, ఆ నూనెలో తేలుతూ బరువైన ఉంగరం. పది వేలు తట్టుకుంటుంది. బావ గెలవాలంటే ఎనిమిదిన్నర వేలు కావాలి.

చిక్కల్లా ఒకటే. ఆ రెండోదాన్ని గోడకి గుద్దుకుని నుజ్జయిన రేసు కారులోంచి విప్పి తెచ్చారు. నడిపినాయన అక్కడికక్కడే పోయాడు.

"దాన్ని అవతల పారెయ్యమన్నానా లేదా?" అన్నాడు బాబాయి, లేతు మిషను దగ్గర్నుంచి తలెత్తకుండానే.

"మనిషి పోతే సామానేం చేసింది బాబాయ్?"

"మనిషి సంగతి కాదే తల్లీ. దెబ్బ తగిలిన డబ్బా తుక్కే. వెంట్రుకంత సొట్ట చాలు, లోపలి ఉంగరం పట్టేస్తుంది. మా రోజుల్లో ఇలాంటిది కనబడితే ఇంకెవడూ వాడకుండా సుత్తితో చితక్కొట్టి మరీ పారేసేవాళ్లం."

"సొట్ట కొలిచా. మిల్లీమీటరులో వందోవంతులు రెండు. ఐదు దాకా ఫర్వాలేదని పుస్తకంలోనే ఉంది."

"కొలిచింది పైపైన. మరి లోపల?"

ఆమె జవాబు చెప్పేలోపే బావ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. "ఏం మరదలా, గెలిపిస్తావా, చంపుతావా? ముందే చెబితే ఎల్లుండి రాత్రికి నాకు వంట చెయ్యాలో వద్దో మీ అక్కకి చెబుతా."

"నువ్వు నోరు మూసుకుని నడుపు బావా. ప్రాణం సంగతి నేను చూసుకుంటా."

ఆ మాట అని, ఉక్కు డబ్బాని చేతుల్లోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా రెండు చుట్లు తిప్పింది. ఏ చప్పుడూ రాకూడదు, వస్తే పనికిరాదు. అది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

లోపల సన్నగా గోకినట్టయింది.

వాన చప్పుడనుకుంది. అనుకోవాలనుకుంది. మూడో చుట్టు తిప్పకుండానే తీసుకెళ్లి ఇంజనుకి బిగించేసింది.

షెడ్డు వెనకాల కిటికీల్లేని ఇటుక గది. ఇంజన్ని స్టాండు మీద బిగించి పరీక్షించేది అక్కడే. పక్క గదిలో మందపాటి అద్దం వెనక ముగ్గురూ కూర్చున్నారు. యాక్సిలరేటర్ పిడి బావ చేతిలో. మెలి ఎంతుందో చూపించే తెర ఆమె ముందు. సాయంత్రం అయిదు కూడా కాలేదు గానీ లోపల ఒక్క బల్బు తప్ప అంతా చీకటే.

ఐదు వేలు. ఆరు వేలు. డ్యాంపర్ మింగకపోతే ఏడు వేల రెండొందల దగ్గర మెలి ఉగ్రంగా లేవాలని ఆమె లెక్క. తెర మీద గీత పడుకున్నట్టే ఉంది.

"చూశావా బాబాయ్!"

బాబాయి తెర చూడటం లేదు. ముక్కు ఎగబీలుస్తున్నాడు. "ఏం వాసనే ఇది?"

కాలిన నూనె కాదు. పెట్రోలూ కాదు. మాంసం కొట్టే మొద్దు దగ్గర వచ్చే పచ్చి నెత్తుటి వాసన...

"ఎనిమిదిన్నర!" అని అరిచాడు బావ. "అబ్బ, ఏం పాడుతోందే!"

"చాలు బావా. దించు."

"దించా."

ముల్లు ఎనిమిదిన్నర వేల దగ్గరే ఉంది.

"ఆటలొద్దు, దించమంటున్నా!"

బావ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. పిడి అడుగుకి పడిపోయి ఉంది.

ఆమె ఎర్ర మీట నొక్కింది. పెట్రోలు పంపు ఆగింది. ఇంజనుకి కరెంటు ఆగింది. ఇక తిరగడానికి ఇంజన్లో ఏమీ లేదు.

ఎనిమిది వేల ఆరొందలు... ఏడొందలు...

ఆ హోరు కింద ఇంకో చప్పుడు. గోకుతున్న చప్పుడు. ఇప్పుడది సన్నగా లేదు.

బాబాయి ఆమె చెవిలో నోరు పెట్టి గొణిగాడు. "ఆ రోజు కూడా ఆగలేదమ్మా."

"ఏ రోజు?"

"గోడకి గుద్దుకున్న రోజు. పెట్రోలు ట్యాంకు ఊడి రోడ్డు మీద పడింది. అయినా... ఆయన్ని బయటికి లాగేదాకా తిరుగుతూనే ఉందట."

"మరి ముందే చెప్పలేదేం!"

"చెబితే నవ్వేదానివి."

బావ అప్పటికే చెక్క ముక్క అందుకున్నాడు. "గాలి పీల్చే చోట మూసేస్తే అదే ఛస్తుంది." ఆమె అతని కాలరు పట్టుకుంది. కాలరు చిరిగి చేతిలోకి వచ్చింది. బావ తలుపు తీసుకుని లోపలికి పోయాడు.

తిరిగేది కంటికి ఆనకూడదు. కానీ ఆమెకి అద్దంలోంచి స్పష్టంగా కనబడింది. ఉక్కు డబ్బా లోపల్నుంచి ఉబ్బింది. ఒక బొడిపె. పక్కనే ఇంకోటి. ఇంకోటి... నాలుగు. కాస్త కిందగా, అయిదోది.

"బావా, పడుకో! నేల మీద పడు—"

డబ్బా పేలింది.

లోపలి ఉంగరం అరంగుళం మందం రక్షణ రేకుని కాగితంలా కోసుకుని, బావ కుడి తొడలోంచి దూసుకుపోయి, ఇటుక గోడలో దిగబడింది. అద్దం మొత్తం ఎర్రగా అయిపోయింది. బావ వెంటనే పడలేదు. నిలబడి తన కాలు వంక పరాయివాడిది చూసినట్టు చూశాడు. తొడ లోపలి తెల్లటి ఎముక రెండు ముక్కలై బయటికి పొడుచుకొచ్చింది. ఆ తర్వాత కూలిపోయాడు.

ఇంజన్ ఆగిపోయింది. కావలసింది దొరికినట్టు.

ఆమె ఫ్యాను బెల్టుతో తొడ పైభాగం బిగించి కట్టింది. మోచేతుల దాకా నెత్తుటిలో మునిగిపోయి అంబులెన్సు వచ్చేదాకా దాన్ని బిగించి పట్టుకుని కూర్చుంది. పదకొండు నిమిషాలు.

బావ బతికాడు. ఆస్పత్రి వరండాలో అక్క రాత్రంతా ఆమెకి దూరంగా కూర్చుంది. తెల్లారాక ఒకే ఒక్క మాట అంది.

"కొలిచావటగా."

పదిన్నరకి సర్జను ఆమెని లోపలికి పిలిచాడు. బల్బు వెలుగులో రెండు ఎక్స్‌రేలు తగిలించి ఉన్నాయి.

"ఆ డబ్బాలో ఇనుమూ, నూనే కాక ఇంకేమైనా ఉంటాయా?"

"ఉండవండీ. ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి మూసేస్తారు."

"అయితే ఇదేంటి?"

తొడ కండలో తెల్లగా, మూడు కణుపులతో ఒక వేలు.

"ఇది మీ బావగారిది కాదు. ఆయనవి ఇరవై వేళ్లూ ఉన్నాయి. పొద్దున ఆరింటికి తీసిన ఫోటోలో మోకాలికి ఎనిమిది సెంటీమీటర్ల పైన ఉంది. కోసి చూస్తే అక్కడ లేదు. పదింటికి మళ్లీ తీశాం. పదహారు."

మొదటి ఫోటోలో వేలు చాపి ఉంది. రెండోదాంట్లో ముడుచుకుని ఉంది. పాకే పురుగులా.

వద్దనుకున్నా ఆమె బుర్ర ఊరుకోలేదు. గంటకి రెండు సెంటీమీటర్లు. గుండె దాకా ఇంకా డెబ్భై దాకా ఉంటుంది. ముప్పై అయిదు గంటలు. రేపు రాత్రి తొమ్మిది...

"పదకొండింటికి పద్ధెనిమిది ఉండాలి," అంది. "అప్పుడింకోసారి తియ్యండి. ముందుగా పైన కోసి పట్టుకోవచ్చు."

పదకొండింటికి తీశారు. టెక్నీషియను ఫిల్మ్ తెచ్చి బల్బు ముందు పెట్టి, వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

పద్ధెనిమిది దగ్గర ఖాళీ. ఆమె స్కేలు పైకి జరిపింది. ఇరవై. ఖాళీ.

ఇరవై మూడు దగ్గర ఉన్నాయి. రెండు వేళ్లు.